ఒక్క రాత్రి ఎక్కువైందని ప్రోగ్రామ్ మానేయకండి

బ్రో, తాగుడు తగ్గించే ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో రెండు వారాలు డైరీ నింపి, ఒక రాత్రి లిమిట్ దాటాక సిగ్గేసి మళ్ళీ లాగిన్ అవ్వలేదన్నారు కదా, అసలు రాయాల్సిందే ఆ రాత్రి గురించి. ఎన్ని పెగ్గులు అన్నదొక్కటే కాదు, మొదటి పెగ్గుకి గంట ముందు ఎక్కడున్నారు, ఎవరితో గొడవైంది, ఖాళీ కడుపుతో ఉన్నారా, అవన్నీ రాస్తే ఎక్కడ జారుతున్నారో మీకే కనపడుద్ది. సగం మంది డైరీ అంటే లెక్కల పుస్తకం అనుకుంటారు, అందుకే బోర్ కొట్టి వదిలేస్తారు.

ఒక్కరే చెయ్యలేకపోతే తాగుడు లాంటి అలవాట్ల నుంచి బయటపడాలనుకునేవాళ్ళకి సాయం చేసే స్మార్ట్ రికవరీ అనే సంస్థ వాళ్ళ ఆన్‌లైన్ మీటింగ్స్ ఉన్నాయి, ఫ్రీనే, ఊరికే కూర్చుని విన్నా చాలు.

ఇంకోటి, పొద్దున్నే చేతులు వణుకుతున్నాయని మీ పోస్ట్ చివర్లో ఏదో మామూలుగా రాశారు, నాకైతే అదే భయమేసింది. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ ఆడిట్ అని, తాగుడు ఎంత ముదిరిందో చూసే 10 ప్రశ్నల టెస్ట్ ఉంటుంది, 40కి 20 లేదా పైన వస్తే ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌తో సరిపెట్టుకోకుండా డాక్టర్‌ని కలవాలి. వణుకు ఉన్నప్పుడు మాత్రం స్కోర్ ఎంతొచ్చినా సరే, పంతానికి పోయి ఒక్కసారిగా ఆపేయొద్దు, మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది, దానికి మందులుంటాయి, అవి డాక్టర్ చూసి ఇవ్వాల్సిందే.