విమానాశ్రయానికి అరుగు ఎక్కడ?

ఇళ్లు, కట్టడాల మీద పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నానికి చెందిన ఒక రిటైర్డ్ ఆర్కిటెక్ట్ జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నేను బి.ఆర్క్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది భీమిలి దగ్గర పల్లె, నాన్న చేపల వేటకు వెళ్తారు. నా థీసిస్ ప్రాజెక్టు ఉత్తరాంధ్రకు అంతర్జాతీయ విమానాశ్రయం. సైటుగా కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురమే తీసుకున్నాను. టెర్మినల్ ముందు సింహాచలం తరహా గోపురం, మధ్యలో తొట్లకొండ బౌద్ధ స్తూపంలా పెద్ద డోము, చుట్టూ తామర కొలను పెట్టాను. మొదటి రివ్యూలో ఒకరు "ఇది గుడా, విమానాశ్రయమా?" అన్నారు. ఇంకొకరు "ఇందులో భారతదేశం ఎక్కడుంది? జాతీయత కనబడాలి" అన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. రెండో రివ్యూకి రెండు వారాలే ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
(ఒక విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: ముందు ఆ కొలను పూడ్చెయ్యి బాబూ. తామరలు పూస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ నీళ్లున్న చోటికి కొంగలొస్తాయి, కొంగలొస్తే విమానం ఇంజనుకు గండం. విమానాశ్రయాల్లో పక్షుల్ని తరమడానికి టపాసులు పేల్చే మనుషులుంటారు. నువ్వేమో వాటికి విస్తరి వేసి పిలుస్తున్నావు. మర్రి, రావి, నేరేడు లాంటి పళ్ల చెట్లు పెట్టి ఉంటే అవి కూడా తీసెయ్యి.

ఇక గోపురం. రన్‌వే దగ్గర ఏది కట్టాలన్నా ఎత్తుకు ఒక లెక్క ఉంది. రన్‌వేకు రెండు పక్కలా వదిలిన ఖాళీ పట్టీ అంచు నుంచి ప్రతి 7 మీటర్లకు 1 మీటరు చొప్పున ఒక గీత ఏటవాలుగా పైకి పోతున్నట్టు ఊహించుకో. 45 మీటర్ల ఎత్తుకు చేరాక అది చదునై, పెద్ద రన్‌వేలకు 4 కిలోమీటర్ల దాకా అలాగే పరుచుకుని ఉంటుంది. మామూలు కట్టడమేదీ ఆ గీత దాటి లేవకూడదు. నీ గోపురం ఎత్తెంతో ఉత్తరంలో రాయలేదు. డ్రాయింగ్ షీటు మీద కూడా రాయలేదేమోనని నా అనుమానం.

స్తూపం విషయంలో మాత్రం నీ మీద కొంచెం కోపం వచ్చింది. తొట్లకొండకు ఎన్నిసార్లు వెళ్లావు? స్తూపానికి లోపల అనేది ఉండదు. అది నిండుగా కట్టిన దిబ్బ, మనిషి దాని చుట్టూ తిరుగుతాడు. దాన్ని బోలుగా చేసి కింద చెకిన్ కౌంటర్లు పెడితే బయటి ఆకారం ఒక్కటే మిగులుతుంది, పని పోతుంది. సింహాచలం అనగానే గోపురం గీసేశావు గానీ, ఆ గుడి రాతిపనిలో కళింగ శిల్పుల చెయ్యి ఎంతుందో చూశావా? మనదీ పొరుగువాళ్లదీ అని గీత గీసుకోవడం ఈ ప్రాంతంలో అంత తేలిక కాదు.

"భారతదేశం ఎక్కడుంది" అన్న ప్రశ్న కొట్టిపారేసేది కాదు. అందరూ దానితో కుస్తీ పడుతున్నవాళ్లే. 2010లో మొదలైన ఢిల్లీ టెర్మినల్ 3లో రాగి పళ్లేల గోడ మీద పెద్ద పెద్ద హస్తముద్రలు పెట్టారు. ముంబయి టెర్మినల్ 2లో స్తంభాలు పైకి పోయి నెమలి పురిలా విచ్చుకుంటాయి. పోర్ట్ బ్లెయిర్‌లో 2023లో తెరిచిన టెర్మినల్ ఆల్చిప్ప ఆకారం. బాగుంటుంది, కానీ ఆ చిప్పను పూర్తిగా చూసేది పైన ఎగిరేవాళ్లే. బ్యాంకాక్ సువర్ణభూమిలో క్షీరసాగర మథనం పెద్ద శిల్పంగా ఉంది. అది చూసొచ్చిన నా స్నేహితుడొకడు "మన కథ వాళ్లు పెట్టుకున్నారేమిటి" అని అలిగాడు. ఆ కథ అటు వైపు వెళ్లి వందల ఏళ్లుగా కాపురం చేస్తోంది, ఇప్పుడు అది వాళ్లది కూడా అన్నాను. నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

వీటన్నిటికంటే నాకు నచ్చేది జెడ్డాలో హజ్ యాత్రికుల టెర్మినల్. 1980ల మొదట్లో వచ్చింది. ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ బట్టతో 210 గుడారాలు వరుసగా నిలబెట్టారు. ఎడారి కాబట్టి గుడారం అని అలంకారానికి పెట్టింది కాదు. బట్ట ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది, వేడిగాలి పైనున్న కంతలోంచి పోతుంది, పక్కలు తెరిచి ఉంటాయి. గంటల తరబడి కాచుకుని కూర్చునే యాత్రికులు ఏసీ లేకుండానే నీడన ఉంటారు. ఆకారం అక్కడ చాకిరీ చేస్తోంది. మన దగ్గర కొచ్చిలో 1999లో వాలు పెంకుల కప్పులతో కట్టినప్పుడు కూడా అంతే. కేరళ ఇంటి కప్పు కేరళ వాన కోసం పుట్టింది.

మరి మన గాలికి పుట్టిన ఇల్లు ఏది? నువ్వు బెస్తవాళ్ల పల్లెలో పుట్టి నన్ను అడగడం నాకు నవ్వొస్తోంది. చుట్టిల్లు.

నేను నీ వయసులో ఉండగా ఒక చుట్టింటిని టేపు పట్టుకుని కొలిచాను. గుండ్రటి మట్టిగోడ, పైన గొడుగులా తాటాకు, చూరు నా నడుం దాకా దిగి ఉంది. వంగకుండా లోపలికి వెళ్లబోయి దూలానికి తల కొట్టుకున్నాను. ఆ ఇంటి ముసలమ్మ పడీపడీ నవ్వి, తర్వాత మంచినీళ్లిచ్చింది. గుండ్రంగా ఎందుకు కట్టుకున్నారని అడిగితే "గాలికి పట్టు దొరకదు బాబూ, జారిపోద్ది" అంది. కాలేజీలో విండ్ లోడ్, అంటే కట్టడం మీద గాలి తోపు లెక్క, మూడు నెలలు చెప్పారు. ఆవిడ అరనిమిషంలో ముగించింది. చదును గోడ లేదు కాబట్టి గాలి ఎదురుగా గుద్దుకోదు. చూరు కిందికి ఉంది కాబట్టి కప్పు కింద దూరి పైకి లేపలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మన విమానాశ్రయం పైకప్పు లేచిపోయి, ఫాల్స్ సీలింగ్ ఊడి కింద పడింది. ఆ ఫొటోలు చూస్తుంటే నాకు ఆ ముసలమ్మే గుర్తొచ్చింది. చుట్టిళ్లకు ఏమీ కాదని చెప్పడం లేదు, తాటాకు ఎగురుతుంది. కానీ గోడ నిలిస్తే మళ్లీ కప్పుకోవడం కొద్ది రోజుల పని.

అలాగని తాటాకు టెర్మినల్ గీసుకుని రాకు. నిప్పు భయం ఒకటి, స్తంభాలు అడ్డం రాని పెద్ద హాలు కావాలి అదొకటి. చుట్టింటి ఆకారం కాకుండా దాని తెలివి తీసుకో. సముద్రం వైపు కప్పును కిందికి దించు. మూలలు గుండ్రం చెయ్యి. కార్లు ఆగే చోట నీడకు వెడల్పాటి చూరు కావాలి, బస్సు పట్టాలి కాబట్టి ఎత్తుగానూ ఉండాలి. తుఫానుకు మొదట దొరికేది అదే, కింద నుంచి గాలి ఎత్తిపడేస్తుంది. అందుకని ఆ చూరును అసలు కప్పుతో కలపకు, విడిగా నిలబెట్టు. మన పాత ఇళ్లలో వసారా కప్పు విడిగా వేసుకోవడంలోనూ ఈ లాభం ఉంది. చూరు పోయినా ఇల్లు మిగలాలి.

ఇప్పుడు ఆ రెండో ఆయన అడిగిన భారతదేశం. చుట్టింటి గోడ చుట్టూ, చూరు నీడలో ఒక మట్టి అరుగు ఉంది. వలలు బాగుచేసుకున్నా, కబుర్లు చెప్పుకున్నా, వేటకెళ్లినవాళ్ల కోసం ఎదురుచూసినా అక్కడే. ఆ అరుగు నీ ప్లానులో లేదు. ఏ విమానాశ్రయంలోనూ నాకు కనబడలేదు.

కొన్నేళ్ల కిందట మా అక్క కొడుకు గల్ఫ్‌కు వెళ్తుంటే పంపడానికి పదకొండు మందిమి బయల్దేరాం. ఏ విమానాశ్రయమో చెప్పను, అన్నీ అంతే. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి రానివ్వరు కదా, తలుపు దగ్గరే వాడు వెళ్లిపోయాడు. విమానం లేచేదాకా వెనక్కి వెళ్లనని మా అక్క. కూర్చోడానికి చోటు లేదు. మోకాళ్ల నొప్పులు మనిషికి, లగేజీ ట్రాలీ మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాం. ఐదు నిమిషాలకు ఒకాయన వచ్చి ట్రాలీ కావాలని లేపాడు. పులిహోర డబ్బా కారు డిక్కీ మీద పెట్టుకుని నిలబడి తిన్నాం. ఒక్కరు ఎక్కే విమానానికి పదిమంది వస్తారు, అది తప్పని ఎవరూ అనుకోరు. జాతీయత అంటే నాకు తెలిసింది ఇదే. దీనికి షీటు మీద చోటివ్వు.

భోగాపురం విశాఖకు సుమారు 45 కిలోమీటర్లు. పాడేరు, పాలకొండ నుంచి బండి మాట్లాడుకుని వచ్చేవాళ్లు దించేసి వెంటనే తిరిగిపోరు. కాబట్టి అరుగు గియ్యి. బెంచీలు వద్దు, అరుగే. ఎత్తు ఒకటిన్నర అడుగు, వెడల్పు కనీసం రెండున్నర అడుగులు. బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, పిల్లాడిని పక్కన పడుకోబెట్టుకోవాలి. వెనక గోడ అద్దం పెట్టు. తలుపు దాటిన మనిషి సెక్యూరిటీ వైపు తిరిగే మలుపు దాకా బయటున్నవాళ్లకు కనబడాలి. అరుగు పొడవు ఊహించి గియ్యకు. ఒక ఆదివారం సాయంత్రం ఇప్పటి విమానాశ్రయం బయట మూడు గంటలు నిలబడి, ఒక్కో ప్రయాణికుడికి ఎంతమంది వచ్చారో లెక్క రాసుకో. ఆ లెక్క రివ్యూ చేసే జ్యూరీ ముందు పెట్టు.

ప్రశ్న: కొత్త విమానాశ్రయం ముందు పెద్ద ఏటికొప్పాక బొమ్మ, బొబ్బిలి వీణ విగ్రహాలు పెట్టాలని మా కాలనీ పెద్దలం వినతిపత్రం ఇవ్వబోతున్నాం. మీ సలహా?
(విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయులు)

జవాబు: ఇవ్వండి గానీ, కొంచెం మార్చి ఇవ్వండి మాస్టారూ. ఏటికొప్పాక బొమ్మ అందం అరచేతిలో ఉంది. అంకుడు కర్ర మరమీద తిరుగుతుంటే లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. దాన్ని ఇరవై అడుగుల ఫైబర్ బొమ్మ చేస్తే అది ఏటికొప్పాక కాదు, ఎగ్జిబిషన్ గేటు. వీణా అంతే. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలోంచి తొలిచే ఏకాండి వీణ. సిమెంటు వీణ మోగదు. రోజూ సాయంత్రం ఒక గంట నిజం వీణ వాయించే చోటు, ఆ గంటసేపు మైకులో అనౌన్స్‌మెంట్లు తగ్గే ఏర్పాటు అడగండి.

లక్కపని వాడితే ఎక్కడ వాడాలో కూడా రాయండి. నేనొకసారి ఒక గెస్ట్‌హౌస్‌లో తలుపులన్నిటికీ లక్క పిడులు పెట్టించి తెగ మురిసిపోయాను. కోవిడ్ వచ్చింది, ప్రతివాడి చేతికీ శానిటైజర్. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని చదువుకున్నవాణ్ణే, ఆ సంగతి తట్టనే లేదు. నెల తిరిగేసరికి పిడులన్నీ జిడ్డు పట్టి, పట్టుకుంటే చేతికి అంటుకున్నాయి. అవన్నీ పీకించి, స్టీలువి నా ఖర్చుతో వేయించాను. చెయ్యి తగలని చోట, కంటికి దగ్గరగా పెట్టమనండి. మన కొండల ఖొండలైట్ రాయి కూడా అలాంటిదే. కోణార్క్ కట్టింది ఆ రాయితోనే, ఉప్పుగాలికి ఎలా తినేసిందో చూశారుగా. లోపలి గోడలకైతే నిక్షేపంగా ఉంటుంది.

ప్రశ్న: మా అత్తగారు తెలుగు తప్ప చదవలేరు. మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కి, ఒక విమానాశ్రయంలో బోర్డులు కనబడక గాభరా పడ్డారు. తెలుగు ఉందట, చీమల్లా ఉందట. ఆర్కిటెక్టులు ఇలాంటివి పట్టించుకోరా?
(ఒక గృహిణి, గాజువాక)

జవాబు: పట్టించుకోరమ్మా, నాతో సహా. బోర్డు చివర్లో వస్తుంది, అప్పటికి డబ్బులూ ఓపికా రెండూ అయిపోతాయి. ఇంగ్లిషుకూ తెలుగుకూ సమానంగా ఎత్తు పంచామంటారు. అక్కడే తేడా వస్తుంది. ఇంగ్లిషు పెద్దక్షరం ఒక గీత మీద నిలబడి ఉంటుంది. తెలుగక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. 'నిష్క్రమణ' అని రాసి చూడండి, ఒక్క 'ష్క్ర' కిందే రెండు ఒత్తులు. అవన్నీ అదే ఎత్తులో ఇరికిస్తే అసలు అక్షరం సగానికి కుంచించుకుపోతుంది. సమానంగా కనబడాలంటే తెలుగు వరుసకు ఒకటిన్నర రెట్లు చోటివ్వాలని నా అనుభవం.

ఇంకొకటి, నిష్క్రమణ అంటే మీ అత్తగారికి తెలుసా? ఆర్టీసీ కాంప్లెక్సులో ఎవరైనా ఆ మాట అంటారా? 'బయటికి దారి', 'బయలుదేరేవారు', 'వచ్చేవారు' అని రాస్తే చాలు. భోగాపురానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చేశారు, రెండుసార్లూ శిలాఫలకం మీద పేర్లు మాత్రం చక్కగా కనబడేలా చెక్కించి ఉంటారు. ఆ సైజు అక్షరాలు టాయిలెట్ బోర్డుకు అడగండి. ఆవిడను ఈసారి పంపేటప్పుడు బోర్డింగ్ పాస్ మీద గేటు నంబరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇవ్వండి. గేటు మారితే మాత్రం కంగారు పడకుండా కౌంటర్‌లో అడగమనండి.