ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టించాలా?

ప్రశ్న: నాది డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ కారు. ఆయిల్ క్యాచ్ క్యాన్ (ఇంజిన్ గ్యాస్‌లోని ఆయిల్ తుంపరను పట్టే డబ్బా) పెట్టిస్తే వాల్వులకు మసి పట్టదని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కొంత ఉంది. అసలు పట్టదనడం మాత్రం ఎక్కువే, పట్టడం నెమ్మదిస్తుంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. దాన్ని గాల్లోకి వదిలేయకుండా పీసీవీ అనే చిన్న వాల్వు మళ్లీ గాలి లోపలికి వెళ్లే దారైన ఇన్‌టేక్‌కే పంపుతుంది. 1960ల నుంచి కార్లలో ఇదే పద్ధతి. ఇబ్బందల్లా ఆ గ్యాస్ వెంట వెళ్లే సన్నటి ఆయిల్ తుంపరతోనే. పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల వెనకవైపు పడుతుంది కాబట్టి, ఆ జిడ్డు ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది. మీ ఇంజిన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది. వాల్వుల మీద జిడ్డు అక్కడే మాడి పెచ్చు కడుతుంది. ట్యాంకులో పోసే క్లీనర్లు కూడా ఆ చోటికి చేరవు.

క్యాచ్ క్యాన్‌ను ఆ గ్యాస్ ఇన్‌టేక్‌కు వెళ్లే దారిలోనే బిగిస్తారు. లోపలి జాలీకి తగిలి తుంపర చుక్కలుగా అడుగుకు దిగుతుంది. క్యాన్ విప్పి చూస్తే మురికి గోధుమ రంగు ద్రవం, పెట్రోల్ వాసన గుప్పున కొడుతుంది. అందులో ఆయిలొక్కటే కాదు, నీరూ పెట్రోలూ కలిసి ఉంటాయి. దయచేసి దాన్ని తిరిగి ఇంజిన్‌లో పోయకండి. జాలీ లేని ఉత్త డబ్బాలూ అమ్ముతుంటారు, వాటి వల్ల పెద్దగా ఉపయోగం లేదు.

నా సలహా అడిగితే, తరచూ బానెట్ ఎత్తే అలవాటు లేనివాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. క్యాన్ నిండిపోతే పేరుకున్నదంతా ఒక్కసారిగా ఇన్‌టేక్‌లోకి పోవచ్చు. గడ్డకట్టే చలి ఉన్న చోట లోపలి నీరు మంచుగా మారి పైపు మూసుకుపోతుంది. అప్పుడు క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ పెరిగి ఆయిల్ సీళ్లు లీకవుతాయి. మసికి భయపడి అంతకంటే పెద్ద ఖర్చు తెచ్చుకున్నట్టవుతుంది. వారంటీ ఉంటే కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి.

పోర్ట్ ఇంజెక్షన్ కారైతే టెన్షన్ అక్కర్లేదు, క్యాన్ లేకపోయినా ఫర్వాలేదు. మీరు మాత్రం ముందు పీసీవీ వాల్వు సరిగ్గా పనిచేస్తోందేమో చూపించండి. అది పాడైతే ఆయిల్ ఎక్కువగా ఇన్‌టేక్‌లోకి పోతుంది. క్యాన్ మాట ఆ తర్వాత. పెట్టిస్తే మొదటి నెలలో వారానికోసారి తెరిచి చూడండి. ఎన్నాళ్లకోసారి ఖాళీ చేయాలో మీ ఇంజినే చెబుతుంది.