పెరటి తోట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బెంగళూరు నుంచి తెచ్చిన హైడ్రాంజియా మొక్క కుండీలో ఉంది. తెచ్చినప్పుడు ఒక్కో గుత్తి కొబ్బరికాయంత ఉండేది. మల్లెతోపాటు దాన్నీ జనవరిలో జానెడు ఎత్తుకు కత్తిరించాం. ఆకు బాగా వచ్చింది గాని ఏడాదైనా ఒక్క గుత్తీ లేదు. ఎందుకని? (ఒంగోలు పాఠకురాలు)

జవాబు: మీరు కత్తిరించి పారేసింది పూలనే. నర్సరీల్లో ఎక్కువగా దొరికే ఈ గుండ్రటి గుత్తుల రకం పాత కొమ్మ మీద పూస్తుంది. ఈ ఏడాది పెరిగిన కొమ్మ చివర చలికాలానికి మొగ్గ కట్టుకుని లోపలే దాచుకుంటుంది, మరుసటి వసంతంలో బయటపెడుతుంది. మల్లె అలా కాదు. దానికి కొత్త చిగురు మీదే పువ్వు. అందుకే ఒకే కత్తెర, ఒకే నెల ఈ రెండింటికీ పనికిరావు.

హైడ్రాంజియాలో గుత్తి వాడగానే, దాని కింద ఎదురెదురుగా ఉబ్బిన మొదటి జత కణుపుల మీద, అర అంగుళం వదిలి కోయండి. ఎంత ఆలస్యమైనా జూలై దాటనివ్వకండి. ఎండిన కొమ్మల్ని, బాగా ముదిరి బెరడు పొరలు లేస్తున్న ఒకటి రెండు కొమ్మల్ని మాత్రం మొదలంటా తీసేయవచ్చు. మిగతావి తాకవద్దు.

అయినా ఒక మాట చెప్పాలి. ఈ మొక్క మొగ్గ కట్టాలంటే వరసగా ఆరు వారాలపాటు రాత్రిళ్లు 18 డిగ్రీలకు దిగువన ఉండాలి. మన తీరంలో సంక్రాంతి చలి కూడా 20 దగ్గరే ఆగుతుంది. ఉత్తరపు గోడ పక్కన, పొద్దున తొమ్మిది దాటితే ఎండ తగలని చోట, వాననీళ్లతో పెంచితే ఆకు పచ్చగా ఉంటుంది. గుత్తులు మాత్రం ఏటా వస్తాయని ఆశపడకండి. బోరు నీళ్లు క్షారంగా ఉన్నచోట నీలి రంగు గులాబీకి మారుతుంది, అది రోగం కాదు.

ప్రశ్న: ఇంటి ముందు నేలలో ఐదేళ్ల గుండుమల్లె ఉంది. గోడెక్కి అల్లుకుంటోంది గాని పూలు గుప్పెడు కూడా రావడం లేదు. పోయిన నవంబరులో పుస్తకం చూసి కత్తిరిస్తే కోసిన చోట్ల కొమ్మలు నల్లబడి కిందిదాకా ఎండిపోయాయి. (నెల్లూరు పాఠకుడు)

జవాబు: నవంబరు చివరి వారం అనే లెక్క చాలా పుస్తకాల్లో ఉంటుంది. నెల్లూరికి అది నప్పదు. ఈశాన్య రుతుపవనాల ముసురు, వాయుగుండాలు మనకు అప్పుడే. తడి గాయంలోకి బూజు చేరి కొమ్మ కిందికి కుళ్లుతుంది. పైగా కత్తిరించే ముందు పది రోజులు నీళ్లు ఆపేసి మొక్కను నిద్రపుచ్చాలి, వాన కురుస్తుంటే అదెలా కుదురుతుంది? వానలు వెనకబట్టి నేల ఆరాక, డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి లోపల చేయండి.

పొదను ఒక తాడుతో కలిపి కట్టి, నేల నుంచి 50 సెంటీమీటర్లు, అంటే మోకాలి ఎత్తున కోయండి. తర్వాత తాడు విప్పి లోపలికి చూడండి. ఎండినవి, పెన్సిల్ కంటే సన్నగా ఉన్నవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేయాలి. మిగిలిన ఆకులు కూడా దూసేయండి, ఇది చాలామంది వదిలేస్తారు. కోత కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా ఉండాలి. వేలి లావు కొమ్మల కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నీళ్లతో చిక్కగా కలిపి పూయండి. కత్తెర మొద్దుబారి ఉంటే బెరడు నలుగుతుంది, కుళ్లు మొదలయ్యేది అక్కడే.

మొదలుకు జానెడు దూరంలో మట్టి గుల్లచేసి నాలుగు రోజులు ఎండనిచ్చి, పది కిలోల చివికిన పశువుల ఎరువు, 65 గ్రాముల యూరియా, 375 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 100 గ్రాముల పొటాష్ వేసి, మట్టి కప్పి నీళ్లు పెట్టండి. జూన్‌లో ఎరువు తప్ప మిగిలిన మూడూ ఇదే మోతాదులో మళ్లీ ఇవ్వాలి. యూరియా చేతికొచ్చినంత వేస్తే, మీ మొక్కలాగే ఆకు, తీగ తప్ప మొగ్గ రాదు. ఆరు గంటల ఎండ లేకపోయినా ఇదే సంగతి. ముందు మీ గోడ నీడ ఎంతసేపు పడుతోందో చూసుకోండి.

చిగుళ్లు వచ్చాక ఆకు ఈనెలు పచ్చగా, వాటి మధ్య భాగం పసుపుగా ఉంటే అది నీళ్ల క్షారం వల్ల ఇనుము అందకపోవడం. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, సాయంత్రం వేళ పది రోజుల తేడాతో రెండుసార్లు చల్లండి. మొగ్గ ఊదారంగుకు తిరిగి, విప్పి చూస్తే లోపల పురుగు ఉంటే అలాంటివన్నీ ఏరి తీసేసి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీళ్లతో కలిపి కొట్టండి. నేల మీద రాలిన మొగ్గల్ని ఊడ్చేయకపోతే పురుగు మళ్లీ పైకి వస్తుంది.

ప్రశ్న: మందారాన్ని ఎప్పుడు కత్తిరించాలి? (కావలి పాఠకురాలు)

జవాబు: దీనికంత లెక్క లేదు, కొత్త చిగురు మీదే ఏడాదంతా పూస్తుంది. వానలు తగ్గాక మూడో వంతు తగ్గించండి. మే నెల ఎండల్లో మాత్రం కోయకండి, నీడ పోయిన బెరడు కమిలిపోతుంది. చిగుళ్ల నిండా తెల్లటి పిండినల్లి ఉంటే ఆ కొసల్ని కోసి సంచిలో మూటకట్టి పారేయండి, కంపోస్టు గుంతలో వేయవద్దు. చీమలు ఎక్కుతుంటే ముందు వాటి సంగతి చూడండి. పిండినల్లిని మోసుకెళ్లేది అవే.