ఐదు కిలోల బ్లీచింగ్, ముప్పై అయిదు వేల లీటర్ల బోరు నీళ్ళు

నీళ్ళ సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మొయినాబాద్ దగ్గర మాకు చిన్న ఫామ్‌హౌస్ ఉంది. వేసవి సెలవులకు మనవలు వస్తారని కొత్తగా స్విమ్మింగ్ పూల్ కట్టించాం. పొడవు 24 అడుగులు, వెడల్పు 12, లోతు ఒక పక్క మూడున్నర, ఇంకో పక్క ఐదు. మా బోరు నీళ్ళతోనే నింపాం. ఆ రోజు అడుగున టైల్స్ మధ్య గీతలు కూడా స్పష్టంగా కనిపించాయి. పూల్ చూసుకునే అబ్బాయి ఐదు కిలోల బ్లీచింగ్ పౌడరు కలిపాడు. తెల్లారేసరికి నీళ్ళు మజ్జిగ తేటలా అయిపోయాయి. అంచు టైల్స్ మీద చేత్తో రాస్తే గరుగ్గా తగిలే తెల్ల పొర. కిట్‌లో చూసి క్లోరిన్ అసలు లేదంటున్నాడు, ఇంకో ఐదు కిలోలు వేద్దామంటున్నాడు. మావారేమో మొత్తం తోడేసి మళ్ళీ నింపుదామంటున్నారు. నింపకముందు చేయించిన బోరు నీళ్ళ రిపోర్టు ఇది: పీహెచ్ 8.1, ఆల్కలినిటీ 340, హార్డ్‌నెస్ 520. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, మొయినాబాద్

జవాబు: ముందు ఆ రెండో విడత బ్లీచింగ్ జోలికి ఆ అబ్బాయిని పోనివ్వకండమ్మా. మీవారిని మోటారు స్విచ్ దగ్గరికీ పోనివ్వకండి. తోడేసి నింపితే వచ్చేవి అదే బోరులోంచి అవే నీళ్ళు. పైగా బోర్లు అడుగంటే రోజులివి.

నింపకముందే నీళ్ళు పరీక్ష చేయించారు, సంతోషం. నీళ్ళ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ పని చేసేవాళ్ళు చాలా తక్కువ. కాకపోతే ఆ కాగితం మీ హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయింది, బ్లీచింగ్ డబ్బా ఆ అబ్బాయి చేతిలో ఉంది.

ఆ కాగితంలో పీహెచ్ అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణం. ఆల్కలినిటీ అంటే పీహెచ్‌ను తేలిగ్గా మారనివ్వని బైకార్బొనేట్ లాంటివి. హార్డ్‌నెస్ అంటే ముఖ్యంగా కాల్షియం. ముందు లెక్క చూద్దాం. 24 అడుగుల పొడవు, 12 వెడల్పు, సగటు లోతు నాలుగుంపావు. గుణిస్తే 1,224 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 35 వేల లీటర్లకు కాస్త తక్కువ. 35 వేలే అనుకుందాం. బ్లీచింగ్ పౌడరులో పనికొచ్చే క్లోరిన్ మంచి సరుకైతే 30 శాతం పైచిలుకు. అంటే ఐదు కిలోలకు కిలోన్నర క్లోరిన్. మీ నీళ్ళలో అది 43 పీపీఎం, అంటే లీటరుకు 43 మిల్లీగ్రాములు. పిల్లలు ఈదే నీళ్ళలో ఉండాల్సింది 1 నుంచి 3. గోడౌన్‌లో మగ్గి సగం బలం పోయిన సరుకే అనుకున్నా ఇంకా ఇరవై పైన ఉంటుంది.

మరి కిట్‌లో ఎందుకు కనపడలేదు? ఈసారి పరీక్ష చేసేటప్పుడు మీరు పక్కన నిలబడి చూడండి. చుక్కలు పడిన క్షణంలో గులాబీ రంగు మెరిసి, సీసా ఊపేలోపు మాయమవుతుంది. క్లోరిన్ లేక కాదు, మితిమీరి ఉండటం వల్ల రంగునే తినేసింది. ఆ మెరుపు చూడనివాడికి సీసాలో మిగిలేది రంగు లేని నీళ్ళే. అందుకే 'లేదు' అంటున్నాడు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, ఒక వంతు పూల్ నీళ్ళకు తొమ్మిది వంతులు అది కలిపి పరీక్ష చేసి, వచ్చిన అంకెను పదితో హెచ్చించండి. అంత క్లోరిన్‌లో పీహెచ్ చుక్కలూ అబద్ధమే చెబుతాయి, ఎరుపు రావాల్సిన చోట ఊదా రంగు వస్తుంది. కాబట్టి ఈ రెండు మూడు రోజులూ పీహెచ్ చూడటం దండగ.

ఇక తెల్లదనం సంగతి. మీ బోరు నీళ్ళు కాల్షియాన్ని, బైకార్బొనేట్‌ను కడుపు నిండా మోస్తున్నాయి. పీహెచ్ పెరిగితే అవి రెండూ కలిసి కాల్షియం కార్బొనేట్‌గా బయటపడతాయి. బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్‌తో పాటు సున్నం కూడా ఉంటుంది. అది పడగానే పీహెచ్ ఇంకా పైకి పోయింది, లోపల దాగింది బయటికొచ్చింది. మీ గీజరు రాడ్డుకు పట్టే గార, ఆ అంచు మీది పొర రెండూ ఒకటే పదార్థం.

బయటికొచ్చిన ఆ తెల్లదాన్ని ఇప్పుడు యాసిడ్ పోసి కరిగించవద్దు. కరిగిస్తే వెళ్ళబోయే కాల్షియాన్ని మళ్ళీ లోపలికి పిలిచినట్టే. పూల్‌పై ఏమీ కప్పకుండా ఎండకు వదిలేయండి. స్టెబిలైజర్ (క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే మందు) వేయని నీళ్ళలో క్లోరిన్‌ను మన వేసవి ఎండ ఇట్టే లాగేస్తుంది. ఈలోగా అరకిలో పటిక పొడి చేసి బకెట్ నీళ్ళలో కలిపి సాయంత్రం అంతటా చల్లండి. గంటసేపు ఫిల్టర్‌ను తప్పించి, నీళ్ళు తిరిగేలా మాత్రమే పంపు నడిపి ఆపేయండి. ఆ బురద ఇసుక ఫిల్టర్‌లోకి పోతే ఇసుక గడ్డకట్టుకుపోతుంది, జాగ్రత్త. మర్నాడు అడుగున తేరుకున్న తెట్టును వాల్వ్ 'వేస్ట్' మీద పెట్టి, వాక్యూమ్‌తో నిదానంగా బయటికి లాగేయండి. ఒక పూటతో తేరకపోతే ఇంకో రోజు ఆగండి.

అప్పుడు మళ్ళీ ఆల్కలినిటీ కొలిపించండి. 340 నుంచి కొంత దిగి ఉంటుంది. మనకు కావాల్సింది 80 నుంచి 120 మధ్య. దించడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే మురియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ వాడాలి. బాత్రూమ్ కడిగే రంగు సీసాలు కాదు. 32 శాతం యాసిడ్ అయితే వెయ్యి లీటర్ల నీళ్ళలో ఆల్కలినిటీ 10 పీపీఎం దిగడానికి దాదాపు 20 మిల్లీలీటర్లు. మీ పూల్ మొత్తానికి 700. ఒకవేళ 300 ఉందనుకోండి, 120కి రావాలంటే పన్నెండు లీటర్ల పైమాట. గుండె జారిందా? అంతా ఒకేసారి పోసేది కాదు. సాయంత్రం పంపు నడుస్తుండగా లోతు వైపు, గాలికి వెన్ను పెట్టి, సన్న ధారగా రెండు లీటర్లు. అంతే, ఆ రోజుకు చాలు. పీహెచ్ 7.3 దగ్గరికి దిగుతుంది. తర్వాత నీళ్ళు వచ్చే జెట్‌లను పైకి తిప్పి, నీళ్ళు ఎగిరి పడేలా చేయండి. గోలీ సోడా కొట్టగానే బుస్సుమనే గ్యాసే ఇక్కడా బయటికి పోతుంది. రెండు మూడు రోజుల్లో పీహెచ్ మళ్ళీ 8 వైపు ఎక్కుతుంది. ఆల్కలినిటీ మాత్రం దిగిన చోటే ఉంటుంది. మళ్ళీ రెండు లీటర్లు. 200 లోపు వచ్చాక ఒక్కో లీటరే పోయండి, ఎందుకంటే అప్పుడు పీహెచ్ త్వరగా పడిపోతుంది. పీహెచ్ మళ్ళీ ఎక్కిందని పూల్ అబ్బాయి కంగారు పడతాడు. ఎక్కనివ్వమనండి.

యాసిడ్ పలచన చేయాలంటే బకెట్‌లో ముందు నీళ్ళు, తర్వాత యాసిడ్. ఎప్పుడూ అదే వరస. కళ్ళద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. బ్లీచింగ్ కలిపిన మగ్గు, బకెట్ యాసిడ్‌కు వాడితే విషవాయువు వస్తుంది. అలాగే టాబ్లెట్ల రూపంలో వచ్చే టీసీసీఏ అనే క్లోరిన్ మందును, బ్లీచింగ్ పౌడరును పొడిగా ఒకే డబ్బాలో కలిపితే మంటలే లేస్తాయి. రెండూ క్లోరినే కదా అని ఒక చోట పెట్టేవాళ్ళను చూశాను.

పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య నిలిచాక క్లోరిన్ మాట ఎత్తండి. పీహెచ్ 7.5 దగ్గర క్రిములను చంపే రూపంలో ఉండే క్లోరిన్ దాదాపు సగం. 8 దగ్గర పావు వంతుకు కూడా కష్టం. మీ బోరు పీహెచ్ మీదే వదిలేస్తే నాలుగు రూపాయల మందుకు రూపాయి పనే జరుగుతుంది. మొదట్లో టీసీసీఏ వాడండి. అది ఆమ్ల గుణం ఉన్నది, మీ నీళ్ళకు నప్పుతుంది, ఎండకు తట్టుకునే స్టెబిలైజర్ కూడా దాంతోనే వస్తుంది. స్టెబిలైజర్ 30 నుంచి 50 పీపీఎంకు చేరాక ఆపేసి, ద్రవరూపంలోని క్లోరిన్ మందు సోడియం హైపోక్లోరైట్‌కు మారండి. పది శాతం సరుకైతే మీ పూల్‌లో 2 పీపీఎంకు 700 మిల్లీలీటర్లు. ఇందులో కాల్షియం లేదు. వేసవిలో క్యాన్ బలం త్వరగా పోతుంది కాబట్టి చిన్న క్యాన్లు కొని నీడలో పెట్టండి. బ్లీచింగ్ పౌడరు మీ ఇంటికి ఇక వద్దు.

హార్డ్‌నెస్‌ను దించడానికి మాత్రం తేలికైన దారి తక్కువ హార్డ్‌నెస్ ఉన్న నీళ్ళు కలపడమే. నీళ్ళు ఆవిరవుతాయి, కాల్షియం ఆవిరవదు. తగ్గినప్పుడల్లా బోరుతో నింపితే అది పెరుగుతూనే పోతుంది. క్లోరిన్ దిగాక రాత్రిళ్ళు కప్పి ఉంచండి. వానలు మొదలయ్యాక, తొలి వాన వదిలేసి, తర్వాతి వానల్లో డాబా మీద నీళ్ళను జల్లెడ పట్టి పూల్‌లోకి తిప్పండి.

ప్రశ్న: మాది భీమవరం. మా దగ్గర బోరు నీళ్ళు ఉప్పు. ఇంట్లో చిన్న పూల్ కట్టాం. ఆర్వో ప్లాంటు ట్యాంకర్లతో నింపేస్తే ఈ హార్డ్‌నెస్ గొడవలు ఉండవు కదండీ?

జవాబు: గొడవ ఉంటుందండీ, వేరే రకం గొడవ. ఆర్వో నీళ్ళలో కాల్షియం, ఆల్కలినిటీ రెండూ నామమాత్రం. అలాంటి నీళ్ళు తమకు లేని కాల్షియాన్ని ఎక్కడో ఒక చోట నుంచి తీసుకుంటాయి. మీ పూల్‌లో దొరికేది టైల్స్ మధ్య నింపిన సిమెంటే. ఏడాది తిరిగేసరికి ఆ గీతలు గుల్లబారి, టైల్స్ మీద కొడితే డొల్ల శబ్దం వస్తుంది. నీళ్ళు గార పట్టిస్తాయా, సిమెంటును తింటాయా అని లెక్కగట్టే సూత్రాన్ని లాంజెలియర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1936లో పైపుల కోసం తయారుచేశాడు. పూల్స్‌కూ అదే వాడుతున్నాం.

ఆర్వోలో బయటికి వదిలే నీళ్ళ వృథా సంగతి అటుంచి, మీ ఊరికి పంచాయతీ లేదా మున్సిపల్ నీళ్ళు కాలువ నుంచి వస్తే అవే అన్నిటికన్నా మేలు. అవి దొరకవంటే ఆర్వో నీళ్ళు పోసి, వంటసోడాతో ఆల్కలినిటీ 80కి తెండి. వెయ్యి లీటర్లకు 17 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. కాల్షియం క్లోరైడ్‌తో హార్డ్‌నెస్ 200కి తెండి. అది నీళ్ళలో పడితే బాగా వేడెక్కుతుంది, బకెట్‌లో కొంచెం కొంచెంగా కలపండి. ఉప్పు బోరు నీళ్ళు కొంత కలిపితే పోలా అంటారేమో, మీ స్టీలు నిచ్చెన తుప్పు పట్టడానికి అది దగ్గరి దారి.

ప్రశ్న: కొంపల్లిలో గేటెడ్ కమ్యూనిటీ. పూల్ దగ్గర ఘాటైన క్లోరిన్ వాసన, పిల్లల కళ్ళు ఎర్రబడుతున్నాయి. క్లోరిన్ తగ్గించమని కమిటీకి చెప్పాను. సరేనన్నారు. మంచిదేనా?

జవాబు: కాదండీ. సరిపడా క్లోరిన్ ఉన్న మంచి నీళ్ళకు అంత వాసన రాదు. చెమటతో, మూత్రంతో కలిసి క్లోరిన్ క్లోరమైన్లుగా మారితే వచ్చే ఘాటది. ఫ్రీ క్లోరిన్ (ఇంకా దేనితోనూ కలవనిది), టోటల్ క్లోరిన్ (మొత్తం) రెండూ కొలిపించమని అడగండి. రెంటికీ తేడానే కంబైన్డ్ క్లోరిన్, అంటే ఆ క్లోరమైన్లు. అది 0.4 పీపీఎం దాటితే తగ్గించాల్సిన చోట ఒక రాత్రి గట్టిగా పెంచాలి. ఆ తర్వాత ఫ్రీ క్లోరిన్ 3కి దిగేదాకా పూల్ మూసేయాలి. పూల్ పక్కన షవర్ పనిచేస్తోందో లేదో కూడా చూడండి.

ప్రశ్న: టెక్సాస్‌లో ఫ్రిస్కో నుంచి రాస్తున్నాను. ఇంటి వెనక కొత్త ప్లాస్టర్ పూల్ నింపాం. ఎన్నిసార్లు యాసిడ్ పోసినా రెండు రోజులకే పీహెచ్ 8 దాటుతోంది. నింపిన రోజే, ఎవరూ దిగకుండానే, కిట్‌లో కంబైన్డ్ క్లోరిన్ కనిపించింది. ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు పటిక వేస్తే అన్నీ సర్దుకుంటాయంటున్నారు.

జవాబు: రెంటికీ భయపడనక్కర్లేదు. మీ నార్త్ టెక్సాస్‌లో కుళాయి నీళ్ళను శుద్ధి చేసేదే క్లోరమైన్‌తో. అందుకే మొదటి రోజే కంబైన్డ్ క్లోరిన్ కనబడింది. పీహెచ్ ఎక్కడం కొత్త ప్లాస్టర్ పని. సిమెంటు గట్టిపడుతున్నంత కాలం దాంట్లోంచి సున్నం నీళ్ళలోకి ఊరుతూనే ఉంటుంది, నెల రోజుల వరకూ ఉండొచ్చు. రోజూ కొలిచి, కొంచెం కొంచెంగా యాసిడ్ పోస్తూ 7.6 దాటకుండా చూడండి. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే మెషిన్ ఉంటే ఈ నెలంతా ఆన్ చేయకండి, ఉప్పూ వేయకండి. చక్రాల వాక్యూమ్ కూడా మొదటి రెండు వారాలు దింపకండి, ప్లాస్టర్ మీద గీతలు పడతాయి.

పటిక నీళ్ళను తేరుస్తుంది, పీహెచ్‌ను కూడా కాస్త దించుతుంది, కాబట్టి నాన్నగారి మాట తీసిపారేసేది కాదు. కానీ మీకు అవసరం లేదు. ప్లాస్టర్ నుంచి రాలే తెల్ల పొడిని రోజుకు రెండు పూటలా మెత్తటి నైలాన్ బ్రష్‌తో గోడలు, అడుగు రుద్ది లేపితే మిగతాది ఫిల్టర్ చూసుకుంటుంది. నాన్నగారికి పొద్దున్నే వాకింగ్ అలవాటుంటే ఒక పూట బ్రష్ ఆయనకే ఇవ్వండి.