కొలిమేటర్ బిగించామని తాడు దగ్గరికి జరపవచ్చా?

ప్రశ్న: యర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పైపుల వెల్డింగు అతుకులకు రాత్రిళ్లు గామా రేడియోగ్రఫీ (గామా కిరణాలతో లోపాలు వెతికే పరీక్ష) చేయిస్తున్నాము. కొలిమేటర్ (కిరణాలు ఒక్క మూతి వైపే బయటికి వచ్చేలా చుట్టూ ఉండే లోహపు కవచం) బిగించామంటూ కాంట్రాక్టరు మనుషులు, ఎవరూ లోపలికి రాకుండా కట్టే హద్దు తాడును బాగా దగ్గరికి తెచ్చారు. ఇది సరేనా? రేడియేషన్ చూపే యాప్ నా ఫోనులో ఉంది, అది చాలుతుందా? (ఒక సూపర్‌వైజర్, కడప జిల్లా)

జవాబు: యాప్ చాలదు. ఫోను కెమెరా కన్ను మూసి, సెన్సరు మీద పడే తెల్ల చుక్కలను లెక్కపెట్టే ఈ యాప్‌లు మనిషికి హాని చేసే మోతాదును కూడా గమనించకపోవచ్చు. కొలవలేని చోట ఆ మాట చెప్పకుండా పచ్చరంగులో ‘సురక్షితం’ అని చూపడం నాకు మోసంగానే తోస్తుంది.

ఇక కొలిమేటర్ సంగతి. 20 క్యూరీల (క్యూరీ రేడియోధార్మికతకు కొలత) ఇరిడియం-192 సోర్సు, అంటే గామా కిరణాలు వెదజల్లే చిన్న లోహపు ముక్క, అడ్డేమీ లేకుండా ఉంటే మీటరు దూరంలో గంటకు సుమారు 100 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత) తగులుతాయి. రేడియేషన్ కార్మికుడికి ఏడాదికి సగటున అనుమతించే 20 మిల్లీసీవర్టులు అక్కడ 12 నిమిషాల్లో పూర్తవుతాయి. దాదాపు 3.3 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ ఆ తీవ్రతను సగం చేస్తుంది కాబట్టి, 17 మిల్లీమీటర్ల గోడ ఉన్న కొలిమేటర్ వెనుక, పక్కల అది 32వ వంతుకు పడిపోతుంది. అయితే మూతి తెరిచి ఉన్న వైపు ఒక్క పిసరు కూడా తగ్గదు. పైగా మూతిని అతుకు వైపు తిప్పి టేపు చుట్టి వదిలేస్తే, సోర్సును బయటికి నెట్టే కేబులు తిప్పుతుండగా, సోర్సు ప్రయాణించే గైడ్ ట్యూబు మెలిపడి ఆ మూతి పక్కకు మళ్లవచ్చు. అన్నిటికీ మించి, సోర్సు తన కవచపు పెట్టె (ఈ పనిలో దీన్నే కెమెరా అంటారు) నుంచి బయలుదేరి కొలిమేటర్‌లో కూర్చునే దాకా, మళ్లీ వెనక్కి వచ్చే దాకా, దానికి ఆ రక్షణ ఉండదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ తిరుగు ప్రయాణమే. 1984లో మొరాకోలోని మొహమ్మదియాలో ఇరిడియం సోర్సు కేబులు నుంచి ఊడి కిందపడితే, దారిన పోయే మనిషి దాన్ని ఇంటికి తీసుకువెళ్లాడు. ఎనిమిది మంది చనిపోయారు. ప్రతి షాట్ (సోర్సును బయటికి పంపి ఒక ఫోటో తీయడం) తర్వాత, రేడియేషన్ కొలిచే సర్వే మీటరుతో కెమెరాను, ట్యూబు పొడవునా చూసి ఉంటే సోర్సు లోపలికి రాలేదని అక్కడే తెలిసేది. ఆ మీటర్లలోనూ కొన్ని, తీవ్రత మితిమీరినప్పుడు మూగబోయి సున్నా చూపుతాయి; ప్రాణాల మీదికి వచ్చే పరికరానికి ఇంతకన్నా అజాగ్రత్త డిజైన్ ఉంటుందా?

కాబట్టి మూతి తెరిచి ఉన్న వైపు కొలిమేటర్ లేనట్టే భావించి దూరం లెక్కగట్టమనండి. మిగతా వైపుల, కాలిబ్రేషన్ గడువు దాటని మీటరుతో సోర్సు బయట ఉండగా తాడు వెంట నడిచి రీడింగులు రాయమనండి. అవి మీ చేతికి వచ్చేదాకా తాడును పాత దూరంలోనే కట్టించండి.