మిద్దె తోట బ్లాగు పెడతానన్న చిన్నికి

చిన్నీ,

"మిద్దె తోట మీద బ్లాగు రాయాలనుంది పిన్నీ, ఈ రోజుల్లో బ్లాగులెవరు చదువుతారని ఇంట్లో నవ్వుతున్నారు" అని మెసేజ్ పెట్టావు. నవ్వనీ. మేం రాసే రోజుల్లోనూ నవ్వారు. నువ్వు మాత్రం ఎవరి కోసం రాస్తున్నావో ముందు తేల్చుకో. ఇవాళ్టి లైకుల కోసమైతే హాయిగా రీల్స్ చేసుకో, చాకిరీ తక్కువ. అలా కాకుండా, మూడేళ్ళ తర్వాత నిజామాబాద్‌లోనో డాలస్‌లోనో ఒకావిడ బీరపాదుకి పిందెలు ఎందుకు రాలిపోతున్నాయని గూగుల్‌లో తెలుగులో వెతికితే నీ రాత దొరకాలి అనుకుంటే, అప్పుడు బ్లాగు పెట్టు.

అసలు బ్లాగులు అందరి నోళ్ళలోకీ ఎలా వచ్చాయో కొంచెం తెలిసుంటే మంచిది. వెనకటికి సొంత పేజీ కావాలంటే వెబ్ పేజీలు తయారుచేసే కోడ్ హెచ్‌టీఎంఎల్ నేర్చుకుని, ఫైళ్ళు సర్వర్‌కి ఎక్కించుకుని నానా తంటాలు పడాలి. 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ బ్లాగర్ అనే బ్లాగులు రాసుకునే సైటు తెచ్చాక పెట్టెలో రాసి బటన్ నొక్కితే సరిపోయింది. 2003లో దాన్ని గూగుల్ కొనేసింది, అలాంటిదే వర్డ్‌ప్రెస్ కూడా ఆ ఏడాదే వచ్చింది. అదే ఏడాది ఇరాక్ యుద్ధమప్పుడు బాగ్దాద్‌లో ఉన్న ఒకతను సలామ్ పాక్స్ అన్న మారుపేరుతో రాసుకున్నవి ప్రపంచమంతా చదివింది. ఊళ్ళో ఉన్నవాడు చెప్పే మాటకి విలువుందని పత్రికలకి అప్పుడు బాగా తెలిసొచ్చింది. కొన్నాళ్ళకి అవే సొంతంగా బ్లాగులు పెట్టుకున్నాయి.

మన తెలుగుకి ఇంకో తలనొప్పి కూడా ఉండేది. పత్రికల సైట్లు ఒక్కోటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి, వాటిలో ఉన్నది తెలుగని సెర్చికి తెలిసేదే కాదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా భారతీయ భాషల సపోర్టు విడిగా వేసుకోవాలి, దానికి మళ్ళీ సీడీ పెట్టమనేది! ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఖిని, అందరి కొత్త టపాలూ (బ్లాగులో ఒక్కో రాతనీ టపా అంటాం) ఒకచోట చూపించే కూడలి, ఈ రెండూ లేకపోతే మాలాంటి వాళ్ళం రాసేవాళ్ళమే కాదు. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో రాశాం కాబట్టే మా రాతలు వెతికితే దొరికాయి. అందుకే చెప్తున్నా, ఫోటో మీద అందంగా అక్షరాలు పేర్చి అదే టపా అనుకోవద్దు, విషయమంతా అక్షరాల్లో టైపు చెయ్యి.

ఒక టపాకి ఒక్క సమస్య చాలు. "నా మిద్దె తోట విశేషాలు" అని శీర్షిక పెడితే ఎవరికీ పనికిరాదు. "మందార ఆకుల కింద తెల్లగా దూదిలా ఉన్నది ఏమిటి" అని పెట్టు, జనం వెతికేది అలాగే, పిండినల్లి అన్న పేరు వాళ్ళకి తెలియదు కదా. కుండీ ఎంత పెద్దది, ఏ నెల, ఎండ ఎన్ని గంటలు తగులుతుంది, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి కాస్త సబ్బునీళ్ళు చేర్చి సాయంత్రం పూట కొట్టావా, మళ్ళీ ఎన్నాళ్ళకి కొట్టావు, తగ్గిందా లేదా, అన్నీ రాయి. తగ్గకపోతే తగ్గలేదని రాయి, అలాంటి టపాలే నేను ఎక్కువ నమ్ముతాను. పక్కసైటులోంచి ఎత్తిన పేరాగ్రాఫులు, వాటి ఫోటోలు మాత్రం వద్దు, నీ చెట్టు ఫోటో మసకగా ఉన్నా సరే.

వ్యాఖ్యల దగ్గర మోడరేషన్, అంటే నువ్వు చూసి సరేనన్నాకే వ్యాఖ్య కనబడే ఏర్పాటు, మొదటి రోజే పెట్టేసెయ్. అజ్ఞాతలతో వాదనలకి దిగి బాగా రాసేవాళ్ళు ఎంతమంది విసుగెత్తి మానేశారో నేను చూశాను. డబ్బు సంగతా? తెలుగు పేజీలకి గూగుల్ ప్రకటనలు ఇచ్చే యాడ్‌సెన్స్ 2018లో వచ్చింది, పెట్టుకో, కానీ ఉద్యోగం మానేసే ఆలోచన చెయ్యకు. ఎవరైనా ఎరువు గానీ కుండీలు గానీ ఉచితంగా పంపితే ఆ సంగతి టపా పైనే చెప్పు, అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

ఇంకొకటి, మనం రాసే చోటు మనది కాదని గుర్తుంచుకో. 2006 జూలైలో ముంబై రైలు పేలుళ్ళ తర్వాత ప్రభుత్వం కొన్ని సైట్లను ఆపమంటే నెట్ కంపెనీలు బ్లాగర్ బ్లాగులన్నీ ఉండే బ్లాగ్‌స్పాట్ మొత్తాన్నే కొన్నాళ్ళు ఆపేశాయి. 2013 జూలై 1న, నచ్చిన బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ మూతపడింది, దాంట్లోనే చదివే పాఠకుల్లో చాలామంది మళ్ళీ తిరిగి రాలేదు. ఫేస్‌బుక్‌కి వెళ్ళినవాళ్ళ రాతలు ఇప్పుడు వాళ్ళకే దొరకవు. కాబట్టి సొంత డొమైన్, అంటే నీకంటూ ఒక వెబ్ అడ్రసు, కొనుక్కుని బ్లాగర్‌కి తగిలించు, సెట్టింగుల్లో బ్యాకప్ ఉంటుంది, నెలకోసారి దించి పెట్టుకో. బ్లాగుకి పేరు తట్టలేదని ఆగిపోకు, పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అడ్రసు మాత్రం బాగా ఆలోచించి పెట్టు, తర్వాత మారిస్తే పాత లింకులతో వచ్చేవాళ్ళు దారి తప్పుతారు.

మీ పిన్ని