ఒక ఇంగ్లీషు మాటను సొంతం చేసుకునేది ఎట్లా?

తిరుపతి

అమ్మణ్ణీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నోటు పుస్తకం పేజీలు చూశాను. రోజుకు ఇరవై ఇంగ్లీషు మాటలు, ఒక్కోదాని పక్కన ఒక్కో తెలుగు అర్థం. రాత ముచ్చటగా ఉంది, నీ శ్రద్ధ చూసి సంతోషమైంది. కానీ బ్యాంకు పరీక్షకు ఇంకా టైము ఉండగానే ఒక మాట చెప్పాలి. ఇట్లా నేర్చుకున్నవి పరీక్ష హాల్లో అక్కరకు రావు. ఖాళీలు పూరించమని నాలుగు మాటలు ఇస్తారు, నాలుగింటి తెలుగు అర్థమూ ఇంచుమించు ఒకటే ఉంటుంది. అక్కడ ఏం చేస్తావు?

ఆ పేజీలోనే 'రిలక్టెంట్' అని రాసి, పక్కన 'ఇష్టం లేని' అని పెట్టావు. కింద నీ సొంత వాక్యం: 'ఐ యామ్ రిలక్టెంట్ టు బిట్టర్ గార్డ్.' నీకు కాకరకాయ పడదని ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి నాకు అర్థమైంది. ఇంగ్లీషు తెలిసిన కొత్తవాళ్లకు మాత్రం అది తప్పుగా వినిపిస్తుంది. ఈ మాట వస్తువుల మీద ఇష్టాయిష్టాలు చెప్పడానికి కాదు, ఒక పని చేయడానికి మనసు రావడం లేదని చెప్పడానికి. అందుకే వెనకాలే 'టు', ఆ తర్వాత క్రియ రావాలి. 'రిలక్టెంట్ టు ఈట్ బిట్టర్ గార్డ్' అంటే సరిపోయింది. 'ఈట్' ఒక్కటే కొరవ. 'ఫర్ ఈటింగ్' అని కూడా రాయకూడదు.

ఇంకొంచెం లోపలికి పోదాం. దీని మూలం లాటిన్‌లో ఉంది, అక్కడ ఎదురు తిరిగి పెనుగులాడడం అని అర్థం. అది మనసులో పెట్టుకుని మీ అవ్వ మోకాలి ఆపరేషన్ సంగతి గుర్తు తెచ్చుకో. మొదట్లో 'కత్తి పెట్టనిచ్చే ప్రసక్తే లేదు' అన్నది. అది 'అన్‌విల్లింగ్'. తర్వాత వేలూరులో చేయించుకోవాలా, ఇక్కడ తిరుపతిలోనేనా, అసలు ఈ వయసులో తట్టుకుంటానా అని అటూ ఇటూ ఊగింది. అది 'హెజిటెంట్', సందేహంతో వెనకాడడం. చివరికి సంతకం పెట్టింది గానీ ముఖం అటు తిప్పుకుని పెట్టింది. 'షి రిలక్టంట్లీ అగ్రీడ్.' లోపల పెనుగులాట ఉంది, అయినా పని జరిగింది. మూడింటికీ 'ఇష్టం లేని' అని రాసేసుకుంటే ఈ తేడా ఎక్కడ కనబడుతుంది?

తెలుగులో 'నాకు ఇష్టం లేదు' అంటాం. ఆ 'నాకు' మన వాక్యంలోకి తెలియకుండానే జారి 'టు మీ' అయిపోతుంది. ఇంగ్లీషులో ఆ మనిషే కర్త, 'ఐ యామ్' అనాల్సిందే. మన పిల్లల్లో చాలామంది ఇక్కడే తడబడతారు.

నీకు తమిళం ఎవరు నేర్పారు చెప్పు? చిత్తూరులో పుట్టినవాళ్లెవరూ నిఘంటువు పెట్టుకుని తమిళం నేర్చుకోరు. బస్టాండులో వేలూరు బస్సు కండక్టరు ఏ మాట ఎప్పుడు అన్నాడో, సంతలో ముసలమ్మ దేనికి కసురుకుందో విని విని పట్టేస్తారు. ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో చెవికి తెలిసిపోతుంది. ఇంగ్లీషు మనకు అంతగా చెవిన పడదు కాబట్టి దాన్ని కావాలని పడేట్టు చేసుకోవాలి, అంతే తేడా.

మాటకు తగిన పక్కమాట ఎంత ముఖ్యమో మన పక్కనే ఒక సాక్ష్యం ఉంది. 1919లో ఠాగూర్ మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి, అక్కడే జనగణమనను తానే ఇంగ్లీషులోకి మార్చారు. 'భాగ్యవిధాత' దగ్గర 'డిస్పెన్సర్ ఆఫ్ ఇండియాస్ డెస్టినీ' అన్నారు. 'గివర్' అన్నా ఇచ్చేవాడనే అర్థం వచ్చేది. కానీ మందులు ఇవ్వడానికీ న్యాయం చేయడానికీ వాడే మాట 'డిస్పెన్స్'. ఎవరికి ఏది దక్కాలో చూసి పంచిపెట్టడం అందులో ఉంది. విధాత చేసే పని అదే కదా! మదనపల్లె మీదుగా పోయినప్పుడల్లా ఆ ఎంపిక తలుచుకుని నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక నువ్వు చేయాల్సింది. ఇరవై మానేసి రోజుకు మూడు మాటలు పట్టు. తెలుగు అర్థం చూడడంలో తప్పు లేదు, మొదట అదే చూడు. తర్వాత నేర్చుకునేవాళ్ల కోసం తయారు చేసిన ఇంగ్లీషు డిక్షనరీ ఫోనులో తెరిచి, అర్థం కంటే ముందు ఉదాహరణ వాక్యాలు చదువు. స్పీకరు బొమ్మ నొక్కి విను. 'రిలక్టెంట్'లో బరువంతా 'లక్' మీద పడుతుంది. మనం అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాం, అందుకే అవతలివాళ్లకు ఒక్కోసారి పట్టుబడదు. దాని నామవాచకం 'రిలక్టెన్స్' కూడా అక్కడే రాసుకో.

ఆ తర్వాత మీ ఇంట్లో, వీధిలో నిజంగా జరిగినదాని మీద ఒక వాక్యం రాయి. గైడులోని వాక్యాన్ని ఎత్తి రాస్తే రేపటికి మరిచిపోతావు, అవ్వ సంతకం మాత్రం గుర్తుంటుంది. మర్నాడు అర్థం వైపు చెయ్యి అడ్డం పెట్టి గుర్తు చేసుకో. వారానికి ఒకసారి, నెలకు ఒకసారి మళ్లీ అదే పని. గుర్తు రాకపోతే టెన్షన్ పడొద్దు. కాసేపు తన్నుకులాడి అప్పుడు చూసుకున్న మాటే గట్టిగా నిలుస్తుంది. పొద్దున పేపరులో ఆ మాట మళ్లీ ఎదురైతే గీత గీసి, దాని ముందూ వెనకా ఏమున్నాయో నోటు పుస్తకంలోకి ఎక్కించు.

మీ నాన్నతో 'రోజుకు మూడు మాటలేనా?' అని అనిపించుకోవాల్సి వస్తుంది. వాడికి నేను ఫోన్ చేసి చెబుతాలే.

ఆదివారం లోపల 'రిలక్టెంట్', 'హెజిటెంట్', 'అన్‌విల్లింగ్' మీద మూడు వాక్యాలు రాసి ఫోటో పంపు. కాకరకాయ వద్దు, వేరే ఏదైనా రాయి. నేను దిద్ది పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన